చెక్ ట్రే

బోర్డు మీద ముందు ఆరు మూలలు గీస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా అదే చెయ్యి,
ఆకివీడు జూనియర్ కాలేజీ రెండో అంతస్తు,
ఫ్యాను సగం మనసుతో తిరిగే గది.
ఆరు మూలలకి రెండు కార్బన్ల తోక,
తోక చివర నైట్రోజను.
"ఇలాంటివి మీ ఒంట్లోనే ఉన్నాయర్రా,
కుక్క తరిమితే గుండె ఎగిరిపడేది వీటి వల్లే" అంటాను.
నా చేతిసంచిలో ఉన్నదాని గురించి మాత్రం చెప్పను.

అదీ ఇదే బొమ్మ.
కాకపోతే నైట్రోజను పక్క వాటాలో
ఇద్దరు మిథైళ్ళు అరుగంతా పరుచుకు కూర్చున్నారు.
ముక్కలు కోసే ఎంజైము కత్తి పట్టుకొచ్చి
కాలు పెట్టే చోటు లేక వెనక్కి పోతుంది.
అందుకే పొద్దున్న వేసుకున్న మాత్ర
రాత్రి రెండింటికీ నాలో మేలుకునే ఉంటుంది.

హైదరాబాదులో ఒక క్లినిక్కు.
"మూడు నెలలు. మించి వద్దు" అన్నాడాయన
నా మొహంలోకి కాక అంకెలోకి చూస్తూ.
ఎనభై ఆరు.

ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు, అదే గొడవ.
మా ఉప్పుటేరుంది కదా,
కొల్లేటి నీళ్ళు సముద్రానికి మొయ్యాల్సిన ఏరు
పోటు వేళ వెనక్కి నడుస్తుంది.
నరం కొసన కూడా వాడిన రసాన్ని లోపలికి తోడుకునే తలుపులుంటాయి.
ఈ మాత్ర చుట్టంలా ఆ తలుపునే వెళ్ళి
దాన్ని తిరగేస్తుంది.
దాచుకున్నదంతా బయటికి.
మెదడు అడుగున బాదంగింజంత చోటు
పులొచ్చిందనుకుంటుంది.
పులి తరుముతుంటే పప్పుచారు ఎవరికి గుర్తు?

మొదటి నెల తేలిగ్గా ఉంది, అబద్ధం ఎందుకు.
కొరమీను పులుసు చూస్తే
గోడ మీద పోయినేటి క్యాలెండరు చూసినట్టుండేది.
నోరు మాత్రం ఏప్రిల్ కాలువ.
నాడి నూట నాలుగు.
సమీకరణం తూచలేదని హేమసుందరి మీద అరిచాను,
అది తూచింది, నేను చూడలేదు.
రెండో నెలకి మాత్ర పాతబడింది.
పుస్తకాల్లో దాన్ని సహనం అంటారు.
మంచి మాటే, పెట్టకూడని చోట పెట్టారు.

ఒక రాత్రి నిద్ర రాక చెరువు గట్టెక్కాను.
ఏరియేటర్లు నీళ్ళ చెంపలు వాయిస్తున్నాయి.
కాపలా ఏసుబాబు టార్చి నోట కరుచుకుని
చెక్ ట్రే పైకి లాగాడు.
వేసిన మేత వేసినట్టే ఉంది.
"రొయ్య మేత ముట్టలేదంటే మేడంగారూ,
నీళ్ళన్నా పాడవ్వాలి, పెంకన్నా మారుస్తూ ఉండాలి."
"ఇప్పుడు ఏది?"
"పొద్దున్న చూడాలండి. చీకట్లో చెప్తే అబద్ధం అవుద్ది."

ఫోను వెళ్ళింది. మా ఆయన లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు,
దోసిట్లో నీళ్ళు వాసన చూశాడు,
ల్యాబు కుర్రాణ్ణి లేపాడు, మందుల కొట్టు తీయించాడు.
లక్షల రొయ్యలు ఒక్క పూట తినలేదు.
నేను తిండి మీద మనసు పెట్టి అప్పటికి నలభై మూడు రోజులు.
లెక్క నేను కట్టలేదు, దానంతటదే పడింది.
"నువ్వేంటి ఇక్కడ, ఈ వేళప్పుడు?" అన్నాడు, ట్రే దించకుండానే.

పదిహేను మాత్రలు మిగిలాయి. పారేయలేదు,
పాత ప్రాక్టికల్ రికార్డుల కింద ఉన్నాయి.
మూడు రోజులు నిద్రే నిద్ర.
నాలుగో సాయంత్రం బస్టాండు పక్కన
మూకుట్లో దిబ్బరొట్టె.
కింద నిప్పులు, మూత మీద నిప్పులు,
మినప్పిండి అంచు మాడుతున్న వాసన.
కడుపులో ఎవరో గొంతు సవరించుకున్నారు.
మళ్ళీ బరువు పెరుగుతాను, తెలుసు,
దానికీ ఏదో బొమ్మ గీయొచ్చు.
"పార్సిలా అమ్మా?" అంది ఆవిడ, కాగితం చింపుతూ.
ఇక్కడే, అన్నాను.
మాడిన వైపు పెట్టండి.